మన చేను కింద ఏ రాయి ఉంది? చూద్దాం రండి



పొలంలో వానపామును చూస్తాం, మిత్రపురుగును గుర్తుపడతాం. ఆ మట్టికి తల్లి అయిన రాయిని మాత్రం నాగలికి అడ్డమని గట్టు మీదకు విసిరేస్తాం. ఊళ్లోని రాళ్లను గమనించడం పైసా ఖర్చు లేని సరదా. బోరు వేసే ముందు, తోట పెట్టే ముందు ఆ సరదాయే మన డబ్బు కాపాడుతుంది.

ఏం కావాలి?

చిన్న సుత్తి, ఇనుప మేకు, నిమ్మకాయ, అయస్కాంతం, భూతద్దం, ఒక నోటుబుక్కు. రాయి కొట్టేటప్పుడు కళ్లకు అద్దాలు తప్పనిసరి. పాత బావుల్లోకి దిగొద్దు, క్వారీ అంచుకు పోవద్దు.

మొదట బావి గోడ చూడండి

దిగుడు బావి గోడ గానీ వాగు కోసిన గట్టు గానీ పుస్తకం లాంటిది. పైన మట్టి, కింద మొరం, ఆ కింద పగుళ్ల రాయి, అడుగున గట్టి బండ. గ్రానైట్ ప్రాంతంలో నీళ్లు నిలిచేది మొరంలో, పగుళ్లలోనే. లోతుకు పోయేకొద్దీ మామూలుగా పగుళ్లు తగ్గుతాయి. అందుకే చుట్టుపక్కల బావుల్లో మొరం ఎంత లోతు ఉందో రాసి పెట్టుకుంటే, బోరు ఇంకా ఇంకా దింపాలా వద్దా అన్నది కొంతైనా అర్థమవుతుంది.

చేలకు అడ్డంగా గోడ కట్టినట్టు నల్లరాతి వరుస కనిపిస్తే దాన్ని డైక్ అంటారు. పాత రాయి చీలికలోకి కరిగిన రాయి ఎక్కి గడ్డకట్టింది అది. చాలాచోట్ల భూమి లోపలి నీటికి ఇదే అడ్డుకట్ట. దానికి ఎగువన, దిగువన ఉన్న బావుల్లో నీటిమట్టం పోల్చి చూడండి.

రాయిని బట్టి మట్టి

*గ్రానైట్:* తెలంగాణలో చాలా భాగం, అనంతపురం వైపు ఇదే. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గాజులా మెరిసేది పలుగురాయి, గులాబీ లేదా తెల్లగా ఉండేది ఫెల్డ్‌స్పార్, రేకులుగా లేచేది కాకిబంగారం. ఫెల్డ్‌స్పార్ చివికి బంకమట్టి అవుతుంది, పలుగురాయి ఇసుకగా మిగులుతుంది. చల్క భూమి నీళ్లు పట్టి ఉంచకపోవడానికి కారణం ఆ ఇసుకే. అక్కడ ఆచ్ఛాదన లేకుండా పని జరగదు. ఫెల్డ్‌స్పార్, కాకిబంగారంలో పొటాష్ ఉంది. సూక్ష్మజీవులు దాన్ని మెల్లగా విడదీస్తాయి.

*బసాల్ట్:* ఆదిలాబాద్, వికారాబాద్ వైపు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా ఇది. దీని నుంచి వచ్చిన రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. అయితే నల్లమట్టి ఉన్నచోటల్లా కింద బసాల్టే ఉంటుందనుకోవద్దు.

*సున్నపురాయి:* తాండూరు, కొలిమిగుండ్ల, పల్నాడు. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న బెలుం గుహలు నీరు ఈ రాయిని కరిగించగా ఏర్పడినవే.

నిమ్మకాయ పరీక్ష

రాయిని మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు. పలుగురాయి మీద మేకు గీత పడదు, బుడగా రాదు. చేలో దొరికే తెల్లటి సుద్ద గడ్డలనూ ఇలాగే చూడండి. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. వేరుశనగ, బత్తాయి లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతుంది. అలాంటి చోట ఘనజీవామృతం, పచ్చిరొట్టతో సేంద్రియ పదార్థం పెంచుకోవాలి.

అయస్కాంతాన్ని వాగు ఇసుకలో తిప్పి చూడండి, నల్లటి రేణువులు అతుక్కుంటాయి. పిల్లలకు భలే సరదా.

కంటికి కనపడనిది ఒకటుంది

నల్లగొండ ఫ్లోరైడ్ బాధకు మూలం అక్కడి గ్రానైట్‌లోనే ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రాయిని గుర్తుపట్టడం వేరు, నీళ్లు తాగడం వేరు. కొత్త బోరు నీటిని ల్యాబులో చూపించాకే తాగండి.

ఈ ఆదివారం మీ ఊరి పటం గీసి, ఏ చేలో ఏ రాయో గుర్తు పెట్టండి. పరీక్షలన్నీ వీడియోలో చూపించాం. చూసి, మీ పొలంలో చేసి, పక్క రైతుకూ చెప్పండి.