కొల్లాజెన్ పొడి: కొనేముందు మూలం తెలుసుకుందాం

మోకాళ్ల నొప్పికని అత్తగారు, చర్మకాంతికని కోడలు తెప్పించుకుంటున్న కొల్లాజెన్ పొడి ధర్మసమ్మతమేనా అని మా మదరసాకు వచ్చే కుటుంబాలవారు తరచుగా అడుగుతున్నారు. పొడి పేరును బట్టి దీనికి జవాబు చెప్పలేము. అది ఏ జీవి నుండి వచ్చిందో తెలియాలి.

కొల్లాజెన్ జంతువుల చర్మంలో, ఎముకల్లో, మృదులాస్థిలో ఉండే మాంసకృత్తు. మన ఇళ్లలో పాయా చల్లారాక గడ్డకట్టేది దీనివల్లనే. మొక్కల్లో ఇది ఉండదు. ‘శాకాహార కొల్లాజెన్’ పేరిట అమ్మేవాటిలో సాధారణంగా ఉండేవి విటమిన్ సి, అమైనో ఆమ్లాల వంటివే.

పంది: దీని నిషేధం అల్ బఖరా 173వ ఆయతులో స్పష్టంగా ఉంది. పదార్థ స్వభావం పూర్తిగా మారితే తీర్పు కూడా మారుతుందా అనే ‘ఇస్తిహాలా’ చర్చ ధర్మవేత్తల మధ్య ఉన్నమాట నిజమే. అయినా 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, పంది జిలాటిన్‌ను ఆహారంలో వాడరాదని తీర్మానించింది. జిలాటిన్ తయారయ్యేది కొల్లాజెన్ నుండే గనుక ఇక్కడా అదే జాగ్రత్త వహించాలి.

పశువు, కోడి: జంతువు హలాల్ అయినంత మాత్రాన సరిపోదు, జిబహ్ కూడా ధర్మబద్ధంగా జరగాలి. నమ్మదగిన హలాల్ ధ్రువీకరణ లేనిదే తీసుకోరాదు.

చేప: దీనికి జిబహ్ అవసరం లేదు గనుక ఇదే సులువైన మార్గం. అయితే ‘మెరైన్’ అనే మాట చూసి తృప్తిపడరాదు. జెల్లీఫిష్ నుండి కూడా కొల్లాజెన్ తీస్తున్నారు. హనఫీ మస్లక్‌లో సముద్రజీవుల్లో చేప మాత్రమే ధర్మసమ్మతం. చేప పడనివారు దీనికి దూరంగా ఉండాలి.

డబ్బాపై గోధుమరంగు గుర్తు మాంసాహారమని మాత్రమే చెబుతుంది, ఏ జంతువో చెప్పదు. లోపలి పొడి చేపదైనా, క్యాప్సూల్ తొడుగు వేరే జంతువు జిలాటిన్‌ది కావచ్చు. రెండింటినీ విచారించాలి.

‘ఇది మందు కదా, మినహాయింపు లేదా?’ అని కొందరు అడుగుతారు. గత్యంతరం లేని అవస్థకు ఇచ్చిన సడలింపు, ప్రత్యామ్నాయం ఉన్నచోట వర్తించదు. పైగా తిన్న కొల్లాజెన్ నేరుగా మోకాలికి చేరదు. జీర్ణక్రియలో అది అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్లుగా విడిపోతుంది. పప్పు, గుడ్లు, చేపలు, ఉసిరి, నిమ్మ తింటే శరీరం తన కొల్లాజెన్‌ను తానే తయారుచేసుకుంటుంది. నొప్పి తగ్గకపోతే ముందు వైద్యుణ్ణి సంప్రదించాలి.

సందేహాస్పదమైనవాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నట్లేనని దైవప్రవక్త (స) బోధించారు. సోదరీమణులారా! మూలం తెలియని డబ్బాను అంగట్లోనే వదిలి రండి. అల్లాహ్ మన ఇళ్లకు ఆరోగ్యాన్నీ, పరిశుద్ధమైన ఉపాధినీ ప్రసాదించుగాక! ఆమీన్.