మీకు తెలుసా? ఆవకాయ విమాన మెక్కు విధము

2008 మార్చిలో శంషాబాదున రాకపోకలు ఆరంభించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునుండి విదేశములకు మరలిపోవు తెలుగువారి పెట్టెలలో, తువాళ్ల మడతల నడుమ, నూనె కాఱకుండ గట్టిగా మూసిన ఆవకాయ, గోంగూర పొట్లములు తఱచుగా కానవచ్చును. అంతర్జాతీయ ప్రయాణమున చేతిసంచిలోని ద్రవపదార్థము ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించరాదను నియమముండుటచేత, నూనె తేలు పచ్చళ్లను, నేతిని చెక్-ఇన్ సామానులో నుంచుటయే శ్రేయస్కరము. పండ్ల బిస్కత్తుల కీ చిక్కు లేదు. 2010లో భౌగోళిక గుర్తింపు నందిన హైదరాబాదు హలీము మాత్రము, మాంసమిశ్రితమగుటచేత, మాంసపు పచ్చళ్లవలెనే అమెరికాలో ప్రవేశార్హము కాదు. తల్లి కలిపిన పచ్చడి సముద్రములు దాటి బిడ్డ కంచమును చేరవలెనన్నచో, దిగినచోట తినుబండారములనన్నిటిని సుంకాధికారులకు దాచక తెలుపుట అత్యావశ్యకము.