మీకు తెలుసా? సైకాలజీ చదివేవాళ్లు మనసుల్ని చదవరు, లెక్కపెడతారు

పటాన్‌చెరు దగ్గరి కొల్లూరులో ఇంటర్ పాసైన అమ్మాయి "సైకాలజీలో చేరతా" అంటే చుట్టాల నుంచి రెండు మాటలు ఖాయం. "అయితే ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పు." "ఎర్రగడ్డలో ఉద్యోగమా?" మొదటిది ఏ ప్రొఫెసరూ చెప్పలేడు. రెండోది ఎగతాళికే అంటారు గానీ, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఉద్యోగమంటే మంచి ఉద్యోగమే!

మీకు తెలుసా, ఈ కోర్సులో చేరినవాళ్లలో చాలామందిని ముందుగా హడలగొట్టేది స్టాటిస్టిక్స్. లెక్కలు తప్పించుకుందామని ఆర్ట్స్ వైపు వచ్చినవాళ్లను ఇక్కడా అవి వదలవు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టిన నాటి నుంచీ ఈ శాస్త్రం కొలతల మీదే నడుస్తోంది. మన దేశంలో తొలి విభాగం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైంది. అది కూడా ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్ర విభాగమే.

లెక్కలెందుకో తెలియాలంటే విశాఖ వెళ్లాలి. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు ఒక విచిత్రమైన విభాగం స్థాపించారు. పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ. ఇతరుల మనసులోని మాట పసిగట్టడం, కంటికి కనబడనిది తెలుసుకోవడం వంటి శక్తులు నిజంగా ఉన్నాయా అని పరీక్షించడం పారాసైకాలజీ పని. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి.రైన్ దగ్గర పనిచేసి వచ్చారాయన. రైన్ ప్రయోగాల్లో వాడిన పేకలో 25 ముక్కలుంటాయి. వృత్తం, కూడిక గుర్తు, అలలు, చదరం, నక్షత్రం, ఒక్కోటి అయిదేసి. ముక్క చూడకుండా దాని మీద బొమ్మేమిటో చెప్పాలి. గుడ్డిగా చెప్పుకుంటూ పోయినా సగటున అయిదు కలుస్తాయి. మరి ఏడు కలిస్తే అది శక్తా, అదృష్టమా? సంభావ్యత లెక్క రానిదే ఆ ప్రశ్నకు జవాబు లేదు. అతీంద్రియ శక్తులకు గట్టి రుజువు దొరికిందని శాస్త్రవేత్తల్లో అత్యధికులు నేటికీ ఒప్పుకోరు. నాకూ నమ్మకం లేదు. అయినా సోదె చెప్పేవాళ్ల సంగతిని పేకముక్కలతో, లెక్కలతో తేల్చుకుందామన్న పట్టుదల మాత్రం నచ్చుతుంది. రామకృష్ణారావుకు 2011లో పద్మశ్రీ వచ్చింది. 2021లో కన్నుమూశారు. ఆయన చాన్స్‌లర్‌గా పనిచేసిన గీతం విశ్వవిద్యాలయం హైదరాబాద్ క్యాంపస్ ఉన్నది మన పటాన్‌చెరు పక్కనే, రుద్రారంలో.

మన పారిశ్రామికవాడ వాళ్లకు ఇంకా ఆసక్తి కలిగించే సంగతి కాకినాడది. వ్యాపారం చేసే చొరవ పుట్టుకతో వస్తుందా, నేర్పితే వస్తుందా? హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ ఈ ప్రశ్న పట్టుకుని మన దగ్గరికి వచ్చారు. 1964లో ఓ యాభై మంది కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌కు శిక్షణ కోసం పిలిపించారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈగా ఉన్నది అదే. బొమ్మలు చూపించి కథలు రాయించారు. రింగులు విసిరే ఆట ఆడించి, ఎవరు ఎంత దూరం నుంచి గురిపెడుతున్నారో గమనించారు. మరీ దగ్గరా కాకుండా, మరీ దూరమూ కాకుండా నిలబడేవాడిలో సాధించాలన్న కోరిక ఎక్కువని వాళ్ల సిద్ధాంతం. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని రాజమండ్రిని ఎంచుకున్నారు. తర్వాత చూస్తే శిక్షణ పొందినవాళ్లలోనే కొత్త వ్యాపారాలు, పెట్టుబడులు, కొలువులివ్వడం ఎక్కువగా కనిపించాయి. ఆచారాలు, మతవిశ్వాసాలు వ్యాపారానికి అడ్డం అన్న అప్పటి ప్రచారానికి ఇక్కడ ఆధారం దొరకలేదు. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌క్లెలండ్ ఇదంతా 1969లో పుస్తకంగా తెచ్చారు. మేనేజ్‌మెంట్ విద్యార్థులు నేటికీ దీన్ని 'కాకినాడ ప్రయోగం' పేరుతో చదువుతారు. కాకినాడలో ఎంతమందికి తెలుసో మరి!

ఒక చిన్న జాగ్రత్త. సైకాలజీలో డిగ్రీ ఉన్నంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్ట్ కారు. దానికి పీజీ స్థాయిలో ప్రత్యేక శిక్షణ, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. మందులు రాసే సైకియాట్రిస్ట్ దారి వేరు, ఎంబీబీఎస్ మీదుగా వెళ్లాలి. బోర్డు చూసి ఫీజు కట్టే ముందు నమోదు సంఖ్య అడగడం తప్పేమీ కాదు.

ఇంటర్ అవగానే చేరదామంటే కొల్లూరు నుంచి ఓఆర్ఆర్ ఎక్కితే గచ్చిబౌలి దగ్గరే. అక్కడి సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుగా ఉంది.

చివరిది నాకు అన్నింటికంటే ఇష్టమైనది. కొల్లూరులో 2023లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో 15,660 ఇళ్లు. అలాంటి చోట తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే లిఫ్టులో వినిపిస్తే వింత కాదు. ఇలా రెండు మూడు భాషల్లో బతకడం మెదడుకు మేలు చేస్తుందా? అప్పట్లో నిమ్స్‌లో న్యూరాలజిస్ట్‌గా ఉన్న సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు వ్యాధి, అంటే డిమెన్షియా, వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. కాబట్టి అది బడి చదువు వల్ల వచ్చిన లాభం అని కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది. వేరే దేశాల్లో చేసిన అధ్యయనాల్లో కొన్ని దీనితో ఏకీభవించలేదు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.