మలేరియా మందుకు లొంగుతుందా లేదా? పరాన్నజీవి జన్యువులే చెబుతాయి

నాతవరం మండలం మన్యం అంచున ఉంది. వానాకాలంలో ఇక్కడ జ్వరమంటే ఆశా కార్యకర్త ముందుగా వేలి నుంచి రక్తపు చుక్క తీసి కిట్‌పై వేస్తారు. మలేరియా ఉందో లేదో కిట్ చెబుతుంది. మందు పనిచేస్తుందో లేదో చెప్పదు. అది తెలియాలంటే పరాన్నజీవి జన్యువులను చూడాలి.

మార్కర్ అంటే ఏమిటి?

మందును తట్టుకునేలా జన్యువులో వచ్చిన మార్పే మార్కర్. ఉదాహరణకు ఫాల్సిపరం రకంలో పీఎఫ్‌సీఆర్‌టీ జన్యువు మారితే, తనలోకి చేరిన క్లోరోక్విన్‌ను పరాన్నజీవి బయటకు నెట్టేస్తుంది. మన దేశంలో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపరం 1973లో అస్సాంలో బయటపడింది.

ఇప్పుడు ఏ మందు ఇస్తున్నారు?

2013 జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఫాల్సిపరంకు మూడు రోజుల ఏసీటీ ఇస్తారు. అంటే ఆర్టిమిసినిన్ రకం మందు, దానికి తోడు మరో మందు. ఈశాన్య రాష్ట్రాల్లో తోడు మందు ఎస్‌పీ పట్టు తప్పడంతో అక్కడ వేరే జోడీ పెట్టారు. ఎస్‌పీని తట్టుకునే మార్పులు డీహెచ్‌ఎఫ్‌ఆర్, డీహెచ్‌పీఎస్ జన్యువుల్లో కనిపిస్తాయి.

ఆర్టిమిసినిన్‌కూ ముప్పుందా?

ఉంది. కెల్చ్13 జన్యువులో మార్పులే దాని గుర్తు అని 2014లో కంబోడియా నమూనాలతో తేల్చారు. తర్వాత రువాండా, ఉగాండాల్లోనూ అలాంటి మార్పులు కనిపించాయి. ఇవి ఉంటే మందు నెమ్మదిగా పనిచేస్తుంది. అప్పుడు భారమంతా తోడు మందుపైనే పడుతుంది.

ఈ పరీక్ష మనం చేయించుకోవాలా?

అక్కర్లేదు. ఇది నిఘా కోసం. ఫిల్టర్ పేపర్‌పై ఆరబెట్టిన రక్తపు చుక్కలను ల్యాబ్‌లో పరీక్షిస్తారు. ఏ మందు మార్చాలో ముందే తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

మరి మనం చేయాల్సింది?

• జ్వరం తగ్గిందని మాత్రలు ఆపొద్దు. సగం మోతాదుకు బలహీనమైన పరాన్నజీవులు చచ్చి, తట్టుకునేవి మిగులుతాయి. దోమ వాటినే మరొకరికి చేరుస్తుంది.
• వైవాక్స్ అయితే ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వరు.
• మాత్ర మింగిన అరగంటలోపు వాంతి అయితే సిబ్బందికి చెప్పండి.
• మందు మొదలుపెట్టిన మూడు రోజులకూ జ్వరం ఉంటే పీహెచ్‌సీకి తిరిగి వెళ్లండి.
• కిట్‌లో నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే స్లైడ్ పరీక్ష అడగండి. కిట్ పసిగట్టే హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే లేని పరాన్నజీవులు మన దేశంలోనూ బయటపడ్డాయి.