ఆపరేషనుకు ముందు నోరు తెరవమంటారెందుకు?

ఈ వారం మత్తుమందు సంగతి మాట్లాడతానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. "మెట్రిక్‌తో ఆపేసినదానివి, నీకెందుకా గొడవ?" అన్నారు. ఆ గొడవ నా మూలంగానే వచ్చింది మరి. చెప్పుకోక తప్పదు.

మా వదినగారికి, అంటే మావారి అక్కగారికి, గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తీయాలన్నారు. రాత్రి పది దాటాక ఏమీ తినిపించొద్దని నర్సు మరీమరీ చెప్పి వెళ్ళింది. తెల్లవారుజామున అయిదింటికి ఆవిడ, "ఏమే, గొంతెండిపోతోంది, ఫ్లాస్కులో కాఫీ ఉందిగా, రెండు గుక్కలు పొయ్యవే" అంది. పెద్దావిడ అడిగితే కాదనలేకపోయాను. గ్లాసెడు పోశాను.

ఏడింటికి మత్తు డాక్టరమ్మ వచ్చింది. మా పెద్దమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. "నోరు బాగా తెరిచి నాలుక బయటపెట్టండమ్మా, ఆ అనకండి" అని టార్చి వేసి చూసింది. మెడ వెనక్కి వంచమంది. కట్టుడు పళ్ళున్నాయా అంది. ఆఖరున, "పొద్దుట ఏమైనా తాగారా?" అంది. వదినగారు నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. కాసేపాగి చెప్పేశాను. ఆపరేషను మధ్యాహ్నానికి జరిపారు. మావారు వరండాలో అన్న మాటలు రేడియోలో చెప్పేవి కావు.

డాక్టరమ్మ మాత్రం కోప్పడకుండా కూర్చుని చెప్పింది. మెలకువగా ఉన్నప్పుడు మనకు పొలమారితే దగ్గుతాం, అడ్డం పడింది బయటికొచ్చేస్తుంది. పూర్తి మత్తులో ఆ దగ్గు రాదు. కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందుగా అనుకున్న ఆపరేషనుకి తిండి అయితే ఆరు గంటల ముందే ఆపాలి, ఉత్త మంచినీళ్ళయితే మామూలుగా రెండు గంటల ముందు. పాలు కలిసిన కాఫీ మాత్రం నీళ్ళ లెక్కలోకి రాదమ్మా, తిండి కిందే లెక్క. ఒక్కో రోగికి ఈ లెక్క మారుతుంది కనుక మీ డాక్టరు చెప్పిందే పాటించాలి.

మత్తులో ఇంకో చిక్కుంది. దవడ సడలి, నాలుక వెనక్కి పడి, గాలిదారి మూసుకుపోతుంది. దవడ పైకెత్తి పట్టుకోవాలి, లేదా గొంతులోంచి గాలిగొట్టంలోకి ట్యూబు వెయ్యాలి. ఊపిరి ఆడకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది. మత్తు ఇచ్చేముందు మాస్కు పెట్టి కాసేపు ఆక్సిజను పీల్చమనేది ఆ కాస్త వ్యవధి పెంచుకోవడానికే.

ఈ ఊపిరి గొడవ ఒకప్పుడు మన హైదరాబాదులోనే పెద్ద ఎత్తున తేల్చబోయారని ఎంతమందికి తెలుసు? మా ఫలక్‌నుమాలో డాబా ఎక్కితే కొండమీద ప్యాలెస్ కనిపిస్తుంది. 1884లో పునాది వేసిన ఆ మేడ ఇంకా కడుతూండగానే, కింద ఊళ్ళో ఎడ్వర్డ్ లారీ అనే దొర మెడికల్ స్కూలు నడిపేవాడు. ఆ రోజుల్లో మత్తంటే క్లోరోఫాం. 1848లో ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోబోయిన పదిహేనేళ్ళ పిల్ల క్లోరోఫాం పీల్చి చనిపోయింది. అప్పట్నించీ ఒకటే వాదం: అది ముందు ఆపేది గుండెనా, ఊపిరినా? ఊపిరినే, నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి కనిపెట్టుకుని ఉండండి అన్నాడు లారీ. 1888లో కుక్కలమీద పరీక్షించి అదే తేల్చాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు మహబూబ్ అలీఖాన్ నిజాం వెయ్యి పౌన్లిచ్చి, మీ మనిషినే పంపండి అన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. మళ్ళీ నాలుగు వందల పైచిలుకు జంతువుల మీద పరీక్షలు. ఆ మూగజీవాల సంగతి తలుచుకుంటే నాకైతే మనసు ఒప్పదు. జవాబు మాత్రం లారీ అన్నదే వచ్చింది.

ఆ స్కూల్లోనే చదివి 1889లో బయటికొచ్చిన పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ నగరపు ఆసుపత్రుల్లో ఏళ్ళతరబడి మత్తు ఇచ్చింది. ప్రపంచంలో మత్తు వైద్యం చేసిన మొదటి మహిళా డాక్టర్లలో ఆమె పేరు చెబుతారు.

ఇంతకీ లారీ చెప్పింది సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు డాక్టరు పిల్లులమీద పరీక్షించి, పల్చటి క్లోరోఫాం మత్తులో అడ్రినలిన్ తోడైతే గుండె హఠాత్తుగా గతి తప్పి ఆగిపోగలదని చూపించాడు. ఆ సంవత్సరమే నిజాం మా కొండమీది ప్యాలెస్‌లో కన్నుమూశాడు. ఇవాళ ఊపిరినీ గుండెనూ రెంటినీ కనిపెడతారు. వేలికి తొడిగే క్లిప్పు రక్తంలో ఆక్సిజను ఎంతుందో క్షణక్షణం చెబుతూనే ఉంటుంది.

ఇక నోరు తెరవడం సంగతి. దీని వెనక మన తెలుగాయనే ఉన్నాడు! గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో బోస్టన్‌లో స్థిరపడ్డ డాక్టర్ మల్లంపాటి శేషగిరి. ట్యూబు వెయ్యడం ఎవరికి కష్టమో ముందే తెలిస్తే సిద్ధంగా ఉండొచ్చు కదా? నోరు తెరిచి నాలుక చాపితే కొండనాలుక కనపడనివాళ్ళకి కష్టం కావచ్చని 1983లో రాశాడు. 1985లో తోటివాళ్ళతో కలిసి 210 మందిని పరీక్షించి చూపాడు. ఇప్పుడు చాలా దేశాల్లో ఆపరేషనుకి ముందు "మల్లంపాటి ఎంత?" అని రాసుకుంటారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటాం గానీ, ఈయన మందూ మాకూ లేకుండా కొండనాలుకని ఊరికే చూడమన్నాడు. ఇదొక్కటే చూసి అన్నీ తేల్చలేరు. అందుకే మెడ, దవడ, పళ్ళు కూడా చూస్తారు. మా వదినగారి మెడ వంచమన్నది అందుకన్నమాట.

ఆపరేషనయ్యాక ఆవిడ నొప్పిని పంటిబిగువున భరించింది. సున్నా నించి పది దాకా ఎంతుందమ్మా అంటే, "ఏముందిలే తల్లీ, రెండు" అంది. ముఖం చూస్తే ఎనిమిది! డాక్టరమ్మ నవ్వి, "నొప్పి దాచుకుంటే గట్టిగా ఊపిరి పీల్చలేరు, దగ్గలేరు, కఫం చేరి న్యుమోనియా వస్తుంది, నిజం చెప్పండి" అంది. అప్పుడు ఎనిమిదని ఒప్పుకుంది. మందిచ్చిన అరగంటకి లేచి కూర్చుని దగ్గింది.

సాయంత్రం కాఫీ అడిగింది. నేను ఫ్లాస్కు అక్కడే పెట్టి, ముందు నర్సు దగ్గరికి వెళ్ళి అడిగొచ్చాను.