హోమ్ ఎక్స్ఛేంజ్: ఇల్లు మార్చుకుని యూరప్ ట్రిప్.. ఏ దేశం బెటర్? ఫొటోలు కాదు, ముందు ఇవి చూడాలి!

యూరప్ ట్రిప్ అనగానే చాలామంది వెనకడుగు వేసేది హోటల్ ఖర్చు చూసే. నలుగురున్న కుటుంబానికి రెండు వారాల గది అద్దె అంటే మామూలు విషయం కాదు. దీనికి ప్రత్యామ్నాయమే హోమ్ ఎక్స్ఛేంజ్. వాళ్లింట్లో మనం, మనింట్లో వాళ్లు.. అద్దె ఉండదు. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. 1953లోనే యూరప్‌లో ఉపాధ్యాయులు సెలవుల కోసం దీన్ని మొదలుపెట్టారు. 2006లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ది హాలిడే' కథ కూడా ఇదే.

మరి ఏ దేశం ఎంచుకోవాలి? పారిస్, రోమ్ ఫొటోలు చూసి డిసైడ్ అయితే తర్వాత ఇబ్బందే. ముందు సెలవులు, తర్వాత వీసా, ఆ తర్వాతే ఇల్లు.. ఈ వరసలో చూసుకుంటే మంచిది.

సెలవులు కలుస్తాయా?

అసలు చిక్కు ఇక్కడే. మన బడులకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు వేసవి సెలవులు. ఆ సమయంలో యూరప్ పిల్లలు చాలావరకు స్కూల్లోనే ఉంటారు. ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌లో వేసవి సెలవులు మొదలయ్యేది జులైలో. ఫిన్లాండ్‌లో మాత్రం జూన్ మొదట్లోనే మొదలవుతాయి.

అందుకే మే నెలలో వెళ్లాలంటే బడికెళ్లే పిల్లలున్న ఇళ్ల కంటే రిటైరైన దంపతుల ఇళ్లు, ఖాళీగా ఉండే రెండో ఇళ్లు వెతకాలి. కొన్ని వెబ్‌సైట్లలో పాయింట్ల పద్ధతి ఉంది. ఇద్దరూ ఒకేసారి ఇళ్లు మారాల్సిన పని లేదు. దసరా సెలవులు అక్టోబరులో పడితే జర్మనీ చూడొచ్చు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఆ నెలలో శరదృతువు సెలవులు ఇస్తారు.

వీసా ఎక్కడ అప్లై చేయాలి?

షెంజెన్ వీసాతో 29 దేశాలు తిరగొచ్చు. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. అంటే నెదర్లాండ్స్ ఇంట్లో పది రోజులు, పారిస్‌లో నాలుగు రోజులైతే నెదర్లాండ్స్‌కే అప్లై చేయాలన్నమాట.

• ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45. ఆరేళ్లలోపు వారికి ఉచితం. 9, 4 ఏళ్ల పిల్లలున్న జంటకు మొత్తం 225 యూరోలు. సర్వీస్ ఛార్జీ అదనం.
• కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.
• ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. చివరి గడువు 15 రోజుల ముందు.

హోటల్ బుకింగ్ ఉండదు కాబట్టి ఎక్కడ ఉంటామో చూపే పత్రమే కీలకం. ఫ్రాన్స్‌లో ప్రైవేటు ఇంట్లో దిగేవారి కోసం ఆ ఇంటి యజమాని స్థానిక మేయర్ కార్యాలయం నుంచి ఒక పత్రం తీసుకోవాల్సి ఉంటుంది. ఇలాంటి రూల్స్ దేశాన్ని బట్టి మారతాయి. ఆ దేశపు చెక్‌లిస్ట్ చూసి, పేపర్లు పంపడానికి యజమాని ఒప్పుకున్నాకే డీల్ ఓకే చేసుకోవాలి.

ఇంట్లో ఏం చూడాలి?

అమ్మమ్మ, తాతయ్య కూడా వస్తుంటే మెట్ల గురించి తప్పకుండా అడగాలి. ఆమ్‌స్టర్‌డామ్ పాత ఇళ్లలో మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. పారిస్ పాత అపార్ట్‌మెంట్లలో కొన్నింటికి లిఫ్టే ఉండదు. జులై, ఆగస్టుల్లో స్పెయిన్, ఇటలీ వెళ్తే ఏసీ ఉందో లేదో కనుక్కోవాలి. దక్షిణ స్పెయిన్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇల్లు ఊరికి దూరమైనా రైల్వే స్టేషన్ దగ్గరుంటే చాలు. లక్సెంబర్గ్‌లో అయితే 2020 నుంచి బస్సులు, ట్రామ్‌లు, రైళ్లు అందరికీ ఫ్రీ.

మన ఇంటి సంగతేంటి?

చాలామంది మర్చిపోయేది ఇదే. విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో వారి వివరాలు నమోదు చేయాలి. డబ్బు తీసుకోకపోయినా ఇది తప్పదు. మనం ఊళ్లో ఉండం కాబట్టి ఈ పని ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి. అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కు సమాచారం అవసరం. ఏదైనా పగిలితే ఖర్చు ఎవరిదో కూడా రాసుకోవాలి.

విమాన టికెట్లు మాత్రం అన్నిటికంటే చివర. వీసా రాకముందే రీఫండ్ లేని టికెట్ కొంటే, హోటల్‌లో మిగిలిన డబ్బు అక్కడే పోతుంది.