బాలింత మనసుకు సెల్‌ఫోన్ సాయం

కాన్పయిన ఇంట్లో అందరూ బిడ్డ బరువెంత అని అడుగుతారు. తల్లికి పథ్యం పెడతారు, సాంబ్రాణి పొగ వేస్తారు. ఆమె మనసు ఎలా ఉందని అడిగేవారు మాత్రం అరుదు. నెల తిరిగినా ఆమె ఏడుస్తూనే ఉంటే "గాలి సోకింది" అంటూ తాయెత్తు కడతారు. కానీ ఇది వైద్యంతో నయమయ్యే జబ్బు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం మంది మానసిక సమస్యలకు గురవుతున్నారు. వీటిలో ముఖ్యమైనది డిప్రెషన్. కాన్పయిన రెండు మూడు రోజులకు వచ్చే దిగులు సాధారణంగా రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అంతకు మించి ఉంటే, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే డాక్టరుకు చూపించాలి. లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, చావు మాట ఎత్తినా ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మరి ఇందులో సెల్‌ఫోన్ ఏం చేయగలదు?

మొదటిది, గుర్తించడం. 1987లో వెలువడిన 'ఎడిన్‌బరో స్కేల్'లో 10 ప్రశ్నలుంటాయి. గడచిన 7 రోజుల్లో మనసు ఎలా ఉందో అడుగుతాయి. ఒక్కో జవాబుకు 0 నుండి 3 మార్కులు, మొత్తం 30. వీటిని ఫోన్‌లోనూ అడగవచ్చు. మార్కులు ఎక్కువ వస్తే జబ్బు ఉన్నట్టు నిర్ధారణ కాదు, డాక్టరును కలవాలని హెచ్చరిక.

రెండవది, సమాచారం. కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన 'కిల్కారి' పథకంలో గర్భిణికి నాలుగో నెల నుండి బిడ్డకు ఏడాది నిండేవరకు వారానికొకటి చొప్పున 72 కాల్స్ వస్తాయి. చదువు రాని తల్లి కూడా విని తెలుసుకోవచ్చు. అయితే అది చెబుతుందే గాని, ఆమె గోడు వినదు.

మూడవది, గోడు వినడం. 2022 అక్టోబర్ 10న మొదలైన 'టెలి మానస్' నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. స్మార్ట్‌ఫోన్ అక్కరలేదు, మామూలు ఫోన్ చాలు.

కానీ ఆ మామూలు ఫోన్ అయినా ఎంతమంది తల్లుల చేతిలో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతమే. ఉన్నా అత్తమామల ముందు మనసు విప్పి మాట్లాడగలరా?

అందుకే ఫోన్ వెనుక మనిషి ఉండాలి. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్ళకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళి మాట్లాడారు. 2008లో ప్రచురించిన ఫలితాల ప్రకారం బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఆ విధంగా మాట్లాడని తల్లుల్లో అది 53 శాతం. అలాంటి మనిషిని దూరాన ఉన్న తల్లికి దగ్గర చేయడమే ఫోన్ చేయవలసిన పని.

మిత్రులారా! మన అక్కచెల్లెళ్ళలో చాలామంది చిన్న వయసులోనే తల్లులవుతున్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు "నువ్వెలా ఉన్నావక్కా?" అని అడగండి. అవసరమనిపిస్తే 14416కు ఫోన్ కలిపి ఆమె చేతికివ్వండి. ఓ అరగంట బిడ్డను మీరెత్తుకుని బయటికి వెళ్ళండి. ఆమెను ఒంటరిగా మాట్లాడుకోనివ్వండి.